లక్ష దాటిన స్ప్లెండర్: ఇంటి దగ్గర మరమ్మతులు, మార్పులు

లక్ష కిలోమీటర్ల దరిదాపులకు వచ్చిన, లేదా ఎప్పుడో దాటిపోయిన మోటారు సైకిలును దాని యజమానే విప్పి బాగుచేసుకోవడం, అరిగిన భాగాలు తీసి కొత్తవి బిగించుకోవడం, వీలైన చోట కాస్త మెరుగైనవి అమర్చుకోవడం ఈ వ్యాసం పరిధి. ఉదాహరణకు తీసుకున్న బండి కార్బొరేటర్ కాలపు హీరో హోండా స్ప్లెండర్.

పాత బళ్లను ఇలా నడిపించుకోవడానికి ప్రపంచంలో రెండు కారణాలు కనిపిస్తాయి. ఒకటి మక్కువ. అమెరికాకు చెందిన ఇర్వ్ గోర్డన్ 1966లో కొన్న వోల్వో పీ1800 ఎస్ కారును 2013లో 30 లక్షల మైళ్లు, అంటే దాదాపు 48 లక్షల కిలోమీటర్లు దాటించాడు. రెండోది అవసరం. క్యూబాలో 1950ల నాటి అమెరికన్ కార్లు ఇప్పటికీ టాక్సీలుగా తిరుగుతున్నది విడిభాగాలు, కొత్త కార్లు అందక. మన పల్లెల్లో, పట్టణాల్లో పాలక్యాన్లు మోసే, చీరల మూటలు మోసే స్ప్లెండర్లదీ అవసరమే. కాకపోతే ఇక్కడ విడిభాగాలకు కరువు లేదు. ఈ బండి పిస్టన్ దొరకని మండల కేంద్రం అరుదు.

బండి నేపథ్యం

హీరో సైకిల్స్ కుటుంబం, జపాన్ హోండా కలిసి 1984లో హీరో హోండా సంస్థను పెట్టాయి. 1985లో వచ్చిన సీడీ 100కు అప్పట్లో పేరు తెచ్చిన ప్రకటన సారాంశం ఇది: పెట్రోలు నింపు, మూత వెయ్యి, మర్చిపో. మర్చిపోవడాన్ని మనవాళ్లు పెట్రోలుతో ఆపకుండా ఇంజన్ ఆయిలు దాకా తీసుకెళ్లారు. ఈనాటి మరమ్మతుల్లో సగం దాని ఫలితమే అనిపిస్తుంది. అదే ఇంజనుతో 1994లో స్ప్లెండర్ వచ్చింది. 2010 డిసెంబరులో భాగస్వాములు విడిపోవాలని నిర్ణయించుకున్నారు. 2011 నుంచి సంస్థ పేరు హీరో మోటోకార్ప్ అయింది.

ఇంజను 97.2 సీసీ. పిస్టన్ వ్యాసం 50 మిల్లీమీటర్లు, అది కదిలే దూరం 49.5. సిలిండర్ దాదాపు అడ్డంగా పడుకుని ఉంటుంది. ఇది 1958లో మొదలైన హోండా సూపర్ కబ్ వంశం లక్షణం. గాలితోనే చల్లబడే ఇంజను కాబట్టి రేడియేటర్ లేదు, నీటి పంపు లేదు. వాల్వులు రెండు, గేర్లు నాలుగు. ఇదే ఇంజను చిన్న చిన్న తేడాలతో ప్యాషన్, సీడీ డాన్, హెచ్‌ఎఫ్ డీలక్స్ బళ్లలోనూ ఉంది. అందుకే భాగాలు చవక, చేయి తిరిగిన మెకానిక్కులు ఎక్కువ, నేర్చుకోవాలనుకునే వాడికి అడిగి తెలుసుకునే వీలూ ఎక్కువ. 8 నుంచి 17 నంబరు దాకా పానాల సెట్టు, మంచి స్టార్ స్క్రూడ్రైవర్లు, ప్లగ్గు పానా, ఫీలర్ గేజి, చవక మల్టీమీటర్ ఉంటే బోరు పని తప్ప చాలావరకు ఇంటి ముందే అయిపోతుంది.

విప్పే ముందు

మీటరు చూపే అంకెను నమ్మలేం. పాత మీటర్లలో అంకెలు ఐదే. 99,999 తర్వాత మళ్లీ సున్నాల దగ్గరికి వస్తుంది. పైగా అది ముందు చక్రం నుంచి వచ్చే కేబులుతో తిరుగుతుంది. కేబులు తెగి ఏడాది గడిచినా బండి ఆగదు, మీటరు మాత్రం ఆగుతుంది. బండి వయసు తెలియాలంటే ఫుట్‌రెస్టు రబ్బర్లు, కిక్ రాడ్డు మొన, వెనక స్ప్రాకెట్ పళ్లు, హ్యాండిల్ తిప్పినప్పుడు చేతికి తగిలే తీరు చూడాలి.

పాత బండి మీద ఎక్కువగా వినే ఫిర్యాదు పికప్ లేదని. వెంటనే వచ్చే సలహా ఇంజను దించమని. అనుమానించాల్సిన వరుసలో నిజానికి ఇంజను చివరిది. ముందు సెంటర్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పాలి. రెండు మూడు చుట్లు కూడా తిరగకపోతే బ్రేకు పట్టేసి ఉంది, లేదా చైను బిగిసి ఉంది. తర్వాత టైర్లలో గాలి, ఎయిర్ ఫిల్టర్‌లో పేరుకున్న దుమ్ము చూడాలి. ఆ తర్వాత క్లచ్. రేజు ఇస్తే ఇంజను మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి. అంతకంటే ముందు క్లచ్ వైరు మరీ బిగుతుగా ఉందేమో చూడాలి. లివరు చివర ఒకటి రెండు సెంటీమీటర్ల ఆట లేకపోతే మంచి ప్లేట్లూ జారతాయి. ఇవన్నీ చూడడానికి అరగంట పడుతుంది, ఖర్చేమీ ఉండదు.

ఇంజను సంగతి పొగ చెబుతుంది. నీలం పొగ అంటే ఆయిలు మండుతోంది. పొద్దున్నే మొదటిసారి స్టార్టు చేసినప్పుడు కాసేపు నీలం పొగ వచ్చి ఆగిపోతే వాల్వు సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. నడుస్తున్నంతసేపూ, ముఖ్యంగా రేజు పెంచినప్పుడు వస్తే రింగులో బోరో అరిగాయి. నల్ల పొగ పెట్రోలు ఎక్కువై గాలి తక్కువైనప్పటిది. చలికాలం ఉదయం కనిపించే పల్చటి తెల్లటిది నీటి ఆవిరి, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. ప్లగ్గు విప్పి చూస్తే ఇదే కథ మరోలా తెలుస్తుంది. గోధుమ రంగులో ఉంటే ఆరోగ్యం. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తడిగా జిడ్డుగా ఉంటే ఆయిలు పైకొస్తోంది, సున్నం వేసినట్టు తెల్లగా ఉంటే గాలి ఎక్కువైంది.

కంప్రెషన్ గేజి ఉంటే ఇంకో పరీక్ష చేయొచ్చు. రేజు పూర్తిగా తిప్పి పట్టుకుని కిక్కు కొడుతూ ఒత్తిడి కొలవాలి. తర్వాత ప్లగ్గు రంధ్రంలోంచి ఒక చెంచా ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లో, బోరులో ఉంది. పెరగకపోతే వాల్వులు సరిగా మూసుకోవడం లేదు. సిలిండర్ పడుకుని ఉండడం వల్ల పోసిన ఆయిలు కింది వైపు చేరిపోతుంది. అందుకని ప్లగ్గు పెట్టకుండానే ఒకటి రెండు సార్లు మెల్లగా కిక్కు తిప్పి, ఆయిలు చుట్టూ పాకాకే కొలవాలి. ఈ ఒక్క పరీక్ష చేయకుండా హెడ్ పని చేయించి, పొగ ఆగక, మళ్లీ బోరు పని చేయించేవాళ్లు చాలామంది.

ఆయిలు

ఈ ఇంజనులో పట్టే ఆయిలు లీటరు లోపే. అంత కొద్ది ఆయిలే పిస్టన్, గేర్లు, క్లచ్ మూడింటినీ చూసుకోవాలి. అరిగిన ఇంజను రోజూ కొంచెం కొంచెంగా ఆయిలు తాగుతుంది. వంద, నూటయాభై మిల్లీలీటర్లు తగ్గినా అది పెద్ద వాటా. కాబట్టి ఎప్పుడు మార్చామన్న లెక్కకంటే వారానికోసారి డిప్‌స్టిక్ చూడడం ముఖ్యం. చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండు మీద నిటారుగా ఉండాలి, డిప్‌స్టిక్‌ను మర తిప్పకుండా ఊరికే ఆనించాలి.

ఆయిలు 10డబ్ల్యూ-30 రకం, డబ్బా మీద జాసో ఎంఏ గుర్తు ఉన్నది వాడాలి. ఇక్కడ క్లచ్ ఆయిలులోనే మునిగి ఉంటుంది. కారు ఆయిళ్లలో రాపిడి తగ్గించే రసాయనాలు కలిపినవి ఉంటాయి. ఇంట్లో మిగిలిందని అది పోస్తే ఇంజను హాయిగానే ఉంటుంది, క్లచ్ మాత్రం జారుతుంది.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఈ ఇంజనుకు మార్చుకునే కాగితం ఫిల్టరు లేదు. కుడివైపు క్లచ్ కవరు లోపల ఒక జల్లెడ ఉంటుంది. క్రాంక్ చివర గిర్రున తిరిగే ఒక గిన్నె లాంటి ఫిల్టరు ఉంటుంది. తిరిగే వేగానికి బరువైన మురికి దాని గోడకు అంటుకుంటుంది. ఆయిలు ఎన్నిసార్లు మార్చినా ఆ మురికి అక్కడే ఉంటుంది. లక్ష దాటిన బండిలో ఆ గిన్నె విప్పితే నల్లటి ముద్ద గోకి తీయాల్సి వస్తుంది. కవరు తీస్తే కొత్త గ్యాస్కెట్ వేయాలి, పాతది అంటించి సరిపెట్టకూడదు. ఈ పని తర్వాత బండి తేలికపడినట్టు అనిపించదు, చప్పుడేమీ తగ్గదు. అందుకే షెడ్డులో ఎవరూ అడగరు, ఎవరూ చేయరు. సొంతంగా చేసుకునేవాడికి అసలు లాభం ఇలాంటి చోట్లే ఉంది.

డ్రెయిన్ బోల్టు దగ్గర కొంచెం జాగ్రత్త అవసరం. ఇంజను కింది భాగం అల్యూమినియం, బోల్టు ఉక్కు. గట్టిగా లాగి బిగిస్తే అరిగేది అల్యూమినియంలోని మరే. తర్వాత లేతు దగ్గర కొత్త మర కొట్టించుకోవాల్సి వస్తుంది. తీసిన పాత ఆయిలు మురికి కాలవలో పోయకుండా డబ్బాలో పట్టి, పాత ఆయిలు కొనేవారికి ఇచ్చేయాలి.

టాపెట్లు, కార్బొరేటర్

టాపెట్ల సందు మిల్లీమీటరులో పదో వంతుకన్నా తక్కువ. కచ్చితమైన అంకె బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఇంజను పూర్తిగా చల్లారాక, పిస్టన్ పై కొసకు వచ్చి రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో, ఫ్లైవీల్ మీది టీ గుర్తును గీతకు సరిపెట్టి కొలవాలి. టకటక చప్పుడు వింటే మన మెకానిక్కులు సందు తగ్గిస్తారు. బండి నిశ్శబ్దమవుతుంది, యజమాని సంతోషిస్తాడు. కానీ సందు పూర్తిగా పోతే వేడెక్కిన వాల్వు గట్టిగా మూసుకోదు, మండుతున్న వాయువు సందులోంచి జారి అంచును కాల్చేస్తుంది. కాబట్టి కాస్త చప్పుడున్న టాపెట్ కంటే అస్సలు చప్పుడు లేనిదే ఎక్కువ ప్రమాదం. సందు సరిగానే ఉండి చప్పుడు ఇంకా వస్తుంటే కామ్ చైను సాగిందో, దాన్ని పట్టి ఉంచే రబ్బరు రోలర్లు అరిగాయో చూడాలి.

కార్బొరేటర్‌లో ముందుగా మూసుకుపోయేది ఐడిల్‌కు పెట్రోలు ఇచ్చే సన్నటి పైలట్ జెట్. చోక్ వేస్తే నడిచి, తీస్తే ఆగిపోయే బండిలో లోపం సాధారణంగా ఇక్కడే. జెట్‌ను తీగతో గుచ్చితే రంధ్రం పెద్దదై మైలేజీ శాశ్వతంగా పోతుంది. క్లీనర్ ద్రవంతో, గాలితో శుభ్రం చేయాలి. కార్బొరేటర్‌కూ ఇంజనుకూ మధ్య ఉండే భాగం పగిలితే లోపలికి దొంగగాలి పోతుంది. అప్పుడు స్క్రూలు ఎంత తిప్పినా ఐడిల్ నిలవదు.

ఇక్కడ పెట్రోలు సంగతి కూడా చెప్పుకోవాలి. దేశంలో 10 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం 2022లో నెరవేరింది. 20 శాతం లక్ష్యాన్ని 2030 నుంచి 2025కు ముందుకు జరిపారు. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. పాత రకం రబ్బరు గొట్టాలు, వాషర్లు దానికి తట్టుకునేలా చేసినవి కావు. బండి నెలల తరబడి కదలకుండా ఉంటే కార్బొరేటర్ గిన్నెలో తెల్లటి తుప్పు పొడి, టాంకు అడుగున నీటి చుక్కలు చేరతాయి. పెట్రోలు గొట్టం, ఫ్లోట్ గిన్నె వాషరు కొత్తవి వేసుకోవడం, బండి నిలబెట్టే ముందు గిన్నె కింది స్క్రూ విప్పి ఖాళీ చేయడం పాత బళ్లకు ఇప్పుడు తప్పనిసరి పనుల్లో చేరాయి.

చైను నుంచి హ్యాండిల్ దాకా

స్ప్లెండర్ చైను చుట్టూ పూర్తి కవరు ఉంటుంది. దుమ్ము నుంచి కాపాడేదీ అదే, చైను అరుగుదలను మన కంటపడకుండా చేసేదీ అదే. వెనక స్ప్రాకెట్ దగ్గర చైనును వెనక్కి లాగి చూడాలి. పన్ను సగం బయటపడితే చైను అయిపోయింది. చైను, రెండు స్ప్రాకెట్లు కలిపి ఒక్కసారే మార్చాలి. పాత పళ్ల మీద కొత్త చైను వేస్తే అది త్వరగా పాడవుతుంది. బిగించేటప్పుడు మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల ఆట ఉండాలి. చక్రం తిప్పి బిగుతుగా ఉన్న చోట కొలవాలి. చైను లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైను కదిలే దిశవైపు ఉండాలి. తిరగేస్తే దారిలో ఏదైనా తగిలి ఊడిపోవచ్చు.

బ్రేకులు 130 మిల్లీమీటర్ల డ్రమ్ములు. షూ అరుగుదల చూపే బాణం గుర్తు బ్రేక్ ప్లేటు మీదే ఉంటుంది. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. డ్రమ్ములోని పొడిని గాలి కొట్టి ఊదడం మన షెడ్లలో మామూలే అయినా మానాల్సిన అలవాటు. తడిగుడ్డతో తుడిస్తే చాలు. బ్రేకు పట్టు తగ్గిందని షూలు మార్చేముందు వాటిని తెరిచే కామ్ పిన్ను తుప్పుపట్టి బిగుసుకుందేమో చూసి, తీసి, గ్రీజు పెట్టాలి. కొత్తవాడు బ్రేకుల పని చేస్తే చివర ఒకసారి అనుభవం ఉన్నవాడి చేత చూపించుకోవడం మంచిది. మిగతా పనుల్లో లోపం జరిగితే బండి ఆగిపోతుంది, ఇక్కడ జరిగితే ఆగదు.

హ్యాండిల్ సరిగ్గా మధ్యలోకి రాగానే గాడిలో పడ్డట్టు తగిలితే కోన్ సెట్టు పోయినట్టు. అది బిగిస్తే పోయే జబ్బు కాదు, మార్చాల్సిందే. చక్రాల బేరింగులకు మాత్రం కంపెనీ డబ్బా కోసం వెతకనక్కర్లేదు. బేరింగు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఆ నంబరు చెబితే మంచి కంపెనీల బేరింగులు ఏ బేరింగ్ దుకాణంలోనైనా దొరుకుతాయి.

కరెంటు

కార్బొరేటర్ కాలపు బళ్లలో ప్లగ్గుకు కరెంటు బ్యాటరీ నుంచి రాదు, ఇంజను తిరుగుతూ పుట్టించుకుంటుంది. అందుకే బ్యాటరీ చచ్చినా కిక్కు కొడితే బండి నడుస్తుంది. నడుస్తోంది కదా అని బ్యాటరీని వదిలేస్తే హారను, ఇండికేటర్లు ఒక్కొక్కటే పోతాయి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ దగ్గర మల్టీమీటరు 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపితే చార్జింగు బాగున్నట్టు. ఉన్నట్టుండి ఆగిపోయి, చల్లారాక స్టార్టయ్యే బండిలో సీడీఐ, పల్సర్ కాయిల్, ఇగ్నిషన్ కాయిల్ మూడూ అనుమానితులే. కొత్తవి కొనేముందు తెలిసినవాడి బండిలోవి పెట్టి చూడడం చవకైన పరీక్ష. సీటు కింద వైర్లను ఎలుకలు కొరకడం మన ఇళ్లలో మామూలు కాబట్టి, అన్నిటికంటే ముందు టార్చి వేసి అక్కడ చూడాలి.

బోరు పని

ఇంజను దించడం, హెడ్, సిలిండర్ విప్పడం ఓపిక ఉన్నవాడు చేసుకోగలడు. బోరు చేయడం మాత్రం లేతు పని. విజయవాడ ఆటోనగర్, హైదరాబాదులో రాణీగంజ్, పుత్లీబౌలి లాంటి చోట్ల విడిభాగాలతో పాటు ఇలాంటి పనివాళ్లూ అందుబాటులో ఉంటారు. ఓవర్‌సైజ్ పిస్టన్లు 0.25 మిల్లీమీటర్ల మెట్లుగా, 1.00 దాకా వస్తాయి. కాబట్టి ఒక్కో సిలిండర్‌కు నాలుగు అవకాశాలు. అరుగుదల ఎంతుందో కొలిచి అందులో చిన్న సైజు ఎంచుకోవాలి. నేరుగా పెద్దది వేయించమని సలహా ఇచ్చేవారు మిగిలిన అవకాశాలను ఒక్కరోజులో ఖర్చు చేయిస్తున్నట్టు. పెద్ద పిస్టన్‌తో బలం పెరుగుతుందన్న నమ్మకమూ ఉంది. 51 మిల్లీమీటర్లకు వెళ్లినా లెక్క 101 సీసీ దగ్గరే ఆగుతుంది.

కొత్త పిస్టన్ సిలిండర్‌తో పాటే లేతుకు వెళ్లాలి. పిస్టన్ కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయాలే కానీ బోరు చేశాక పిస్టన్ కొనడం తప్పు. నకిలీ పిస్టన్లు, రింగులు మార్కెట్లో ఉన్నాయి. డబ్బా ధర మరీ తక్కువైతే ఆగి ఆలోచించాలి. బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు వేగం మారుస్తూ, బరువు వేయకుండా నడిపి, ఆయిలు తొందరగా మార్చాలి.

మార్పులు, చట్టం

అరిగినది సరిచేయకుండా చేసే మార్పు డబ్బు దండగ. కోన్ సెట్టు పోయిన బండికి లావు టైరు వేసినా, సాగిన చైనుకు ఇరిడియం ప్లగ్గు తోడైనా లాభం లేదు. ఉపయోగపడే మార్పులు సాదాసీదావి: కంపెనీ కొలతల్లోనే మంచి టైర్లు, కొత్త సస్పెన్షన్, సీటు ఫోమ్.

ఎక్కువమంది ముందుగా చేసేది ఎల్ఈడీ హెడ్‌లైటు, ఎక్కువగా చెడేదీ అదే. పాత స్ప్లెండర్లలో హెడ్‌లైటు ఏసీ కరెంటు మీద నేరుగా నడుస్తుంది. రేజు తగ్గితే వెలుగు తగ్గేది అందుకే. అక్కడ ఎల్ఈడీ బల్బు పెడితే మినుకుమినుకుమంటుంది, లేదా త్వరగా కాలిపోతుంది. డీసీకి మార్చాలంటే రెక్టిఫైయరు, స్టేటర్ వైరింగు కూడా మార్చాలి, లేకపోతే చిన్న బ్యాటరీ ఖాళీ అవుతుంది. పైగా ఫిలమెంటు బల్బుకు తయారైన గిన్నెలో ఎల్ఈడీ వెలుగు సరిగ్గా పడదు. నడిపేవాడికి బాట కనబడడం కంటే ఎదుటివాడికి కళ్లు మూసుకుపోవడమే ఎక్కువ.

మోతగా ఉండే సైలెన్సర్లు ఇంత చిన్న ఇంజనులో తక్కువ వేగం దగ్గరి లాగుడును తగ్గిస్తాయి, పెంచవు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న తయారీదారు వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 సవరణ తర్వాత అలా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. ఇంజను మొత్తంగా మార్చితే ఆర్‌సీలో నమోదు చేయించుకోవాలి. సొంత బండి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది. ఆ తర్వాత తనిఖీ చేయించి ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. తనిఖీకి వెళ్లినప్పుడు చాసిస్ నంబరు తుప్పులో కనిపించక తిప్పలు పడేవాళ్లున్నారు. ఆ చోట అప్పుడప్పుడు తుడిచి గ్రీజు రాయడం చిన్న పనే.

2020 తర్వాతి బళ్లు

2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు అమల్లోకి వచ్చాక స్ప్లెండర్‌లో కార్బొరేటర్ పోయి ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. పెట్రోలు ఎంత పోవాలో సెన్సర్లు, కంప్యూటర్ తేల్చుకుంటాయి. స్క్రూ తిప్పి సరిచేసే ఐడిల్ ఇక లేదు. ఇంజెక్షన్ పంపుకు కరెంటు కావాలి కాబట్టి పాత బండిలా బ్యాటరీని ఏళ్ల తరబడి నిర్లక్ష్యం చేయడమూ కుదరదు. ఇలా మరమ్మతు యజమాని చేతిలోంచి జారిపోవడం ఒక్క బళ్ల సమస్యే కాదు. కొన్న వస్తువును తానే, లేదా తనకు నచ్చిన చోట బాగుచేయించుకునే మరమ్మతు హక్కు కోసం కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో వేసిన కమిటీ ఎంచుకున్న నాలుగు రంగాల్లో వాహనాలూ ఉన్నాయి. ఆయిలు, జల్లెడ, టాపెట్లు, చైను, బ్రేకులు మాత్రం కొత్త బండిలోనూ పాత పద్ధతిలోనే అరుగుతాయి, అవే పానాలతో విప్పవచ్చు. మిగతా లోపాలకు మీటరులో వెలిగే ఇంజన్ దీపాన్ని చూసి, స్కానర్ ఉన్న షెడ్డుకు వెళ్లాలి.